ఇంటిల్లిపాదీ రిహార్సల్

సామర్లకోటలో సాంబమూర్తి గారి ఇంటిని ఆ వీధివాళ్ళు బుర్రలవారిల్లు అంటారు. నవ్వు ఆపుకుంటూ అంటారు. ఆ ఇంట్లోవాళ్ళు మాత్రం అది బిరుదనుకుని, కొత్తవాళ్ళెవరైనా చిరునామా అడిగితే తామే ఆ పేరు చెబుతారు. వాళ్ళ తెలివికి మచ్చు కావాలంటే, వానలో తడిస్తే గొడుగు పాడైపోతుందని సాంబమూర్తి గారు దాన్ని ప్లాస్టిక్ సంచీలో చుట్టి, చంకలో పెట్టుకుని, తాను తడుస్తూ వస్తారు. ఊరికెళ్తే వీధి తలుపుకి తాళం వేసి, చెవి దానికే వేలాడదీసి వెళ్తారు. దొంగ వస్తే తాళం పగలగొట్టకుండా ఉంటాడని. ఇంతవరకూ దొంగ రాలేదు. "చూశారా, వాడికి ఆశాభంగం చేశాం" అంటారాయన. దొంగలకీ కాస్త పరువు మర్యాదలుంటాయని, ప్రతి ఇంటికీ పోరని ఆయనకి తోచలేదు.

ఆ ఇంటికి ఇంకో గొప్ప కూడా ఉంది. అబద్ధం ఆడరు. లోకంలో అబద్ధం ఆడనివాళ్ళు వేరు, వీళ్ళు వేరు. సాంబమూర్తి గారు రిటైరయ్యేదాకా తూనికల ఆఫీసులో కాటాలు సరిచూసేవారు. అక్కడ రాయి తక్కువైతే తక్కువే, సరిపోతే సరిపోయినట్టే. మధ్యేమార్గం లేదు. ఆ పద్ధతే ఇంట్లోకీ తెచ్చారు. కొడుకు విస్సన్న చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో 'రాము వద్ద మామిడిపండ్లు ఉన్నవనుకొనుము' అని ఉంటే, "లేనివి ఉన్నాయని ఎలా అనుకుంటాంరా" అని ఆ లెక్క చేయనివ్వలేదు. మామిడిపళ్ళ కాలం దాకా ఆగి, పళ్ళు కొని, రాము అనేవాణ్ణి ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చి కూర్చోబెట్టి, అప్పుడు చేయించారు. రాము పళ్ళు తినేసి లెక్క పాడుచేశాడు. అది వేరే సంగతి. అందుకే విస్సన్న లెక్కల్లో ఎప్పుడూ క్లాసుకంటే ఒక కాయ వెనకే ఉండేవాడు.

ఇప్పుడా విస్సన్న డిగ్రీ తప్పి, మళ్ళీ కట్టి, పాసై ఇంట్లో కూర్చున్నాడు. ఇంట్లో అందరికన్నా తానే తెలివైనవాణ్ణని అతనికి లోపల గట్టి నమ్మకం. పోటీ లేదు గనక అది కొంత నిజం కూడాను. అతనికున్న భయమల్లా ఒకటే. కాకినాడలో అక్క మొగుడికి ఐసు ఫ్యాక్టరీ ఉంది. "నెలాఖరులోగా ఉద్యోగం దొరికిందా సరేసరి, లేదా వచ్చి ఐసు దిమ్మలు మొయ్యమనండి మీవాణ్ణి" అని ఆ బావ కబురు పెట్టాడు. విస్సన్న చూస్తే చన్నీళ్ళతో చెయ్యి కడుక్కున్నా తుమ్ముతాడు. కుండ పక్కనుంచి నడిస్తే ముక్కు కారుతుంది. అలాంటివాడు పొట్టు కప్పిన ఐసు దిమ్మ భుజాన పెట్టుకుంటే సాయంత్రానికి ఏమవుతాడో చెప్పడానికి వైద్యుడక్కర్లేదు.

ఇలా ఉండగా రాజమండ్రిలో ఫ్రిజ్‌లు అమ్మే ఒక కంపెనీ నుంచి అతని ఫోనుకి మెసేజీ వచ్చింది. కస్టమర్ల ఫిర్యాదులు విని సమాధానం చెప్పే ఉద్యోగం. 'ఇంటర్వ్యూలో రోల్‌ప్లే ఉంటుంది. మాలో ఒకరు ఫ్రిజ్ పాడై కోపంగా ఉన్న కస్టమరుగా మాట్లాడతారు. మీరు మా ఉద్యోగిగా సమాధానం చెప్పాలి. ఇంటి దగ్గర సాధన చేసి రండి' అని దాని సారాంశం.

ఇంకేముంది, ఇంటిల్లిపాదీ వసారాలో సమావేశమైంది. సాంబమూర్తి గారు, ఆయన భార్య అనసూయమ్మ, అదే ఇంట్లో వెనక వాటాలో ఉండే తమ్ముడు బుచ్చిబాబు. బుచ్చిబాబు భార్య తాయారు పుట్టింటికెళ్ళింది. ఆవిడ ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

"ఏవుంది నాన్నా ఇందులో. బాబాయి కోపంగా ఉన్నట్టు మాట్లాడతాడు, నేను సమాధానం చెబుతాను" అన్నాడు విస్సన్న.

"కోపంగా ఉన్నట్టు అంటే? కోపం ఉంటుందా, ఉండదా?"

"ఉండదు. ఉన్నట్టు."

"ఫ్రిజ్?"

"పాడైనట్టు."

సాంబమూర్తి గారి ముఖం ఎర్రబడింది. "ఒరే, మీ తాతగారి నాటినుంచీ ఈ ఇంట్లో అబద్ధం వినపడలేదు. సుఖంగా నడుస్తున్న ఫ్రిజ్‌ని పట్టుకుని పాడైందనడమేవిటి? ఆ మాట అనాలంటే ముందది పాడవ్వాలి."

"మనది బాగానే ఉందిగదండీ" అంది అనసూయమ్మ దిగులుగా. "చప్పుడు కూడా చెయ్యదు."

"అదే కదా వచ్చిన చిక్కు" అన్నారాయన.

విస్సన్న వెళ్ళి ప్లగ్గు పీకి వచ్చాడు. సాంబమూర్తి గారు తల అడ్డంగా ఊపారు. అది ప్లగ్గు పీకిన ఫ్రిజ్ అవుతుంది తప్ప పాడైన ఫ్రిజ్ కాదట. కాటా పద్ధతిలో అది నిజమే. అప్పుడు బుచ్చిబాబు లేచి, "ఇలాంటివి నాకొదిలెయ్ అన్నయ్యా" అని ప్లగ్గు మళ్ళీ పెట్టి, పచ్చడిబండ పట్టుకుని ఫ్రిజ్ వెనక్కి వెళ్ళాడు. రెండు దెబ్బలు వేశాడు. లోపల్నుంచి బుస్సుమని గాలి వచ్చింది, ఆగిపోయింది. అంతే. నలుగురూ చెవులు పెట్టి విన్నారు. చప్పుడు లేదు. చల్లదనం లేదు. "భేష్, పాడైంది" అన్నారు సాంబమూర్తి గారు. అనసూయమ్మ మాత్రం లోపల ఇడ్లీపిండి ఉందని ఒకసారి గొణిగి ఊరుకుంది.

"ఊఁ, ఇప్పుడు కోప్పడు బాబాయ్" అన్నాడు విస్సన్న, కుర్చీ లాక్కుని ఉద్యోగిలా కూర్చుంటూ.

బుచ్చిబాబు ప్రయత్నించాడు. కనుబొమలు ముడిచాడు, మీసం పళ్ళతో పట్టుకున్నాడు. రాలేదు. "ఫ్రిజ్ మీదిరా. నాకెందుకొస్తుంది కోపం? నిజం చెప్పొద్దూ, కాస్త సరదాగానే ఉంది."

ఆ మాటా సబబే. అయితే ఫ్రిజ్ బుచ్చిబాబుది కావాలి. నలుగురూ కలిసి దాన్ని మోసుకెళ్ళి వెనక వాటాలో పెట్టి, ఇచ్చేశామన్నారు. బుచ్చిబాబు దాని తలుపు తీసి, వేసి, మళ్ళీ తీసి మురిసిపోయాడు. "ఎన్నాళ్ళనుంచో మీ పిన్ని అడుగుతోందిరా. చల్లబడకపోతేనేం, బట్టలు పెట్టుకుంటుంది" అన్నాడు. కోపం సంగతి దేవుడెరుగు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఊరికే ఇచ్చాం గనక సంతోషం వచ్చింది. కొనుక్కున్నవాడే కస్టమరు" అని తేల్చారు సాంబమూర్తి గారు. అంతే, దానికి బదులుగా బుచ్చిబాబు మోపెడ్డు తెచ్చి ముందు వసారాలో పెట్టి తాళం వేశారు. ఇప్పుడు బేరం పూర్తయింది, కస్టమరు తయారయ్యాడు. కాని బుచ్చిబాబుకి కోపం రాలేదు. మోపెడ్డు కిక్కు కొట్టలేక అతని మోకాలు అరిగిపోయిందట. పీడా వదిలిందన్నాడు. కొంతమంది మనుషులు ఇలా దేనికీ పనికిరారు.

సరిగ్గా అప్పుడు తాయారు పుట్టింటినుంచి దిగింది.

ఆవిడ వచ్చేసరికి పెరట్లో మోపెడ్డు లేదు. దాని బదులు వాటాలో వీపు పగిలిన ఫ్రిజ్ ఉంది. అందులోంచి పులిసిన ఇడ్లీపిండి నేలమీదకి నడిచి వస్తోంది. పక్కనే మొగుడు పచ్చడిబండ పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. "మనం ఫ్రిజ్ కొన్నామే" అన్నాడు. ఇంకేముంది, తాయారు వంటింట్లోకెళ్ళి అట్లకాడ తీసుకుని ముందు వాటాకి వచ్చింది.

విస్సన్నకి ప్రాణం లేచివచ్చింది. చొక్కా సర్దుకుని, "నమస్కారమండీ, మీకు ఏ విధంగా సహాయపడగలను?" అన్నాడు.

"ముందు నా మోపెడ్డు ఇయ్యి."

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ."

"అండీ ఏవిట్రా వెధవా, నేను మీ పిన్నిని."

సాంబమూర్తి గారు మధ్యలో చెయ్యి అడ్డం పెట్టారు. ఏ కంపెనీలోనూ కస్టమరు సరాసరి మనిషితో మాట్లాడ్డానికి ఉండదని, ముందు నొక్కుళ్ళు ఉంటాయని ఆయనకి గ్యాస్ బండ బుక్ చేసిన అనుభవం. "తెలుగులో మాట్లాడదలిస్తే ఒకటి నొక్కమ్మా" అని తన భుజం చూపించారు. "హిందీ అయితే మీ అక్క భుజం నొక్కు." తాయారు ఒకటి నొక్కలేదు, ఒకటి ఇచ్చింది. బావగారన్న మర్యాద కొద్దీ అది ఆయనకి కాకుండా, వెనకే వచ్చిన మొగుడికి ఇచ్చింది.

"కాస్త లైనులో ఉండండి" అని విస్సన్న లోపలికెళ్ళి, రేడియో పెట్టి, కాఫీ తాగి వచ్చాడు. కంపెనీవాళ్ళు అంతే చేస్తారు. ఈలోగా తాయారు వసారాలో ఉన్న కుర్చీ, బల్ల, పూలకుండీ వరసగా వాకిట్లోకి విసిరేసింది. విస్సన్న తిరిగొచ్చి, ఆవిడ్ని మెచ్చుకోలుగా చూసి, "మీ ఫిర్యాదు నమోదైందండీ. మా మెకానిక్ ఈరోజే మీ ఇంటికొచ్చి బాగుచేస్తాడు" అన్నాడు.

అనగానే నాలుక కరుచుకున్నాడు. మాట ఇచ్చేశాడు. ఇచ్చిన మాట అబద్ధం కాకూడదు. ఆదివారంపూట మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు? సాంబమూర్తి గారు తమ్ముడి వంక చూశారు. బుచ్చిబాబు చెంప రుద్దుకుంటూ స్క్రూడ్రైవరు కోసం వెళ్ళాడు.

పాడుచేసినవాడికి బాగుచెయ్యడం రాదా అన్నది అతని సిద్ధాంతం. పగలగొట్టడానికి పచ్చడిబండ చాలిందిగదా, బాగుచెయ్యడానికి ఇంకొంచెం పెద్దది కావాలంతే అనుకున్నాడు. ఫ్రిజ్ వెనక రేకు ఊడదీసి, ఊడిపోయిన తీగలన్నీ దగ్గరికి చేర్చి, జడలా అల్లి, చివర్న ముడివేశాడు. అల్లిక చక్కగా కుదిరింది. "వెయ్యరా స్విచ్చి" అన్నాడు.

విస్సన్న వేశాడు. అంతే. ఫ్రిజ్ ఒకసారి ఎగిరి కూర్చుంది. ఇంట్లో దీపాలు పోయాయి. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మంది. మే నెల మిట్టమధ్యాహ్నం వీధి వీధంతా ఫ్యాన్లు ఆగిపోయాయి.

ఎవరి మిక్సీలో పచ్చడి వాళ్ళ మిక్సీలోనే ఉండిపోయింది. జనం విసనకర్రలతో, తువ్వాళ్ళతో బుర్రలవారింటి ముందు పోగయ్యారు. తిట్లు మొదలయ్యాయి. సాంబమూర్తి గారు అరుగుమీద నిలబడి ఆ గుంపుని చూసి కొడుకు వీపు తట్టారు. "ఒరే, ఇంకెవరింట్లోనైనా సాధనకి ఒక్క కస్టమరు దొరకడమే కష్టం. నీకు చూడు, వీధంతా వచ్చింది. కానియ్."

విస్సన్న చేతులు జోడించి, "అందరూ ఒకటి నొక్కండి" అన్నాడు. నొక్కారు. ఎక్కడ నొక్కారో చెప్పడం మర్యాద కాదు. రెండురోజులు అతను బోర్లా పడుకున్నాడు.

అతన్ని గుంపులోంచి లాగి బయటపడేసినవారు ఎదురింటి కోటిలింగం గారు. ఆయన వయసులో ఉండగా పద్యనాటకాల్లో రాజు వేషాలు వేసేవారు. ఆ రోజుల్లో నటులకి మైకుండేది కాదు, రాగం తీస్తే ఊరవతలి గేదెలు తల తిప్పేవి. ఇప్పుడు ఆయన గొంతులో మిగిలింది విసుగు మాత్రమే. సంగతంతా విని నుదురు కొట్టుకున్నారు.

"ఓరి మీ బుర్రలు బంగారంగానూ. రోల్‌ప్లే అంటే నాటకంరా. నేను రాజు వేషం వేస్తే నాకు రాజ్యం ఉన్నట్టా? పొడిస్తే పడిపోయాను, చచ్చిపోయానా?"

"మరి అబద్ధం కదండీ" అన్నారు సాంబమూర్తి గారు.

"నాటకంలో అబద్ధం లేదు. చూసేవాడికీ తెలుసు, వేసేవాడికీ తెలుసు. ఇదిగో విస్సన్నా, చెవిన పెట్టుకో. ఆ గదిలో అడుగుపెట్టింది మొదలు బయటికొచ్చేదాకా అంతా నాటకమే. వాళ్ళు ఏమన్నా, ఏం చేసినా ఒక్కటీ నిజం కాదు. ఏదీ మనసుకి పట్టించుకోకు. కోపం నటిస్తారు, నువ్వు ఓపిక నటించు. అంతే."

బుర్రలవారింట్లో ఒక మాట ఎక్కడం కష్టం. ఎక్కిందంటే మటుకు ఇక దిగదు. రైలెక్కిందగ్గర్నుంచీ విస్సన్న, 'అంతా నాటకమే, ఒక్కటీ నిజం కాదు' అని జపం చేస్తూనే ఉన్నాడు.

రాజమండ్రి ఆఫీసులో గదిలోకి పిలిచారు. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో హైమావతి అనే మేనేజరు, అటొకాయన, ఇటొకాయన. కూర్చోమన్నారు. నాటకాల్లో సింహాసనాలు అట్టతో చేస్తారని విస్సన్నకి తెలుసు. ఎందుకొచ్చిన గొడవని కుర్చీమీద బరువు ఆనించకుండా, గాలిలోనే అంగుళం పైన కూర్చున్నాడు. తొడలు వణుకుతున్నాయి. ఎంత వినయం అనుకున్నారు వాళ్ళు. మంచినీళ్ళిచ్చారు. గ్లాసు పెదాలకి తాకకుండా ఎత్తి, గుటకలు వేసినట్టు గొంతు ఆడించి, చుక్క తగ్గకుండా బల్లమీద పెట్టాడు. ఎంత నిగ్రహం అనుకున్నారు. మనుషుల్ని పరీక్ష చేసి తీసుకునే పెద్దల తెలివి కూడా ఇలాగే ఉంటుంది. వెతికేవాడికి గుణాలకేం కొదవ?

హైమావతి గారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. "ఏవయ్యా, ఏం ఫ్రిజ్‌లయ్యా మీవి? మా అమ్మాయి నిశ్చితార్థానికి చేయించిన స్వీట్లన్నీ పాడైపోయాయి. వియ్యాలవారి ముందు తలెత్తుకోలేకపోయాను. మీ కంపెనీని కోర్టుకీడుస్తాను."

విస్సన్న తన్మయంగా విన్నాడు. మధ్యమధ్య పద్యం బాగున్నచోట ఊపినట్టు తల ఊపాడు. ఎక్కడా అడ్డురాలేదు. ఆవిడ ఆగాక నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, ఫ్రిజ్ ఆగిపోయే ముందు బుస్సుమందా? అంటుందమ్మా. ఆ చప్పుడు నేను విన్నాను. తర్వాత పిండి పులిసి నేలమీదికొస్తుంది. ఇంట్లో ఆడవాళ్ళు అట్లకాడ తీస్తారు. వీధంతా వచ్చి మీదపడుతుంది. మీ కష్టం నాకు తెలుసమ్మా, ఇంకా నెప్పి పోలేదు."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పుస్తకంలో మాటలు వల్లించి వెళ్ళేవాళ్ళనే చూశారు వాళ్ళు పొద్దుటినుంచి. హైమావతి గారికి, లేని స్వీట్ల కోసం కళ్ళు చెమర్చాయి.

అంతలో తలుపు ధడేల్మంది. నిజం కస్టమరు ఒకాయన, భారీ మనిషి, కాపలావాణ్ణి తోసుకుని లోపలికొచ్చాడు. నాలుగుసార్లు బాగుచేసినా తన ఫ్రిజ్ చల్లబడటం లేదని, మాడిన తీగొకటి తెచ్చి బల్లమీద కొట్టాడు. అటాయన బల్ల కిందికి చూశాడు. ఇటాయన ఫోను తీశాడు. విస్సన్న మాత్రం ఓహో, రెండో అంకం అనుకున్నాడు. లేచి దగ్గరికెళ్ళి ఆయన ముఖంలోకి ఆనందంగా చూశాడు.

"ఆహా, ఏం గొంతండీ. మెడమీద నరాలు కూడా లేచాయి. అన్నం తిని వచ్చారా, ఇలా ఖాళీ కడుపుతోనేనా? మొదట్నుంచి మళ్ళీ చెప్పండి, ఒక్క ముక్క వదలకండి, నేను వింటాను."

ఆ కంపెనీలో మొదట్నుంచి చెప్పమన్నవాడు ఆ మనిషికి ఇంతవరకూ తగల్లేదు. ఆయన చెప్పాడు. విస్సన్న అబ్బురంగా విన్నాడు. సగంలో గొంతు తగ్గింది, చివర్లో ఆయనే విస్సన్న భుజంమీద చెయ్యి వేసి, "నీలాంటివాడు ఒక్కడుంటే చాలు బాబూ, రేపైనా పంపించు మెకానిక్‌ని" అని వెళ్ళిపోయాడు.

ఇంకేముంది, ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఇంకెవర్నీ చూడనక్కర్లేదన్నారు. అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చినట్టు కాగితం టైపు చేయించి, సంతకం పెట్టి, ముద్ర వేసి చేతికిచ్చారు. "సోమవారం వచ్చి చేరు విస్సన్నా" అన్నారు హైమావతి గారు.

విస్సన్న ఆ కాగితాన్ని వెలుగుకి ఎత్తి చూశాడు. ముద్ర సైతం అచ్చం నిజందానిలాగే ఉంది. ఖర్చుకి వెనకాడని నాటకం. మర్యాదగా దాన్ని మడతపడకుండా బల్లమీద పెట్టి, "అద్భుతంగా నటించారు మేడమ్. ఇది మీ దగ్గరే ఉంచండి, తర్వాత వచ్చేవాడికి కావాలి కదా" అని ముగ్గురికీ దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. వెనక ఎవరో పిలుస్తున్నట్టు వినిపించింది. తెర పడ్డాక కూడా వేషం విడవని నటులంటే అతనికి గౌరవం కలిగింది.

ఇంటికొచ్చి జరిగినదంతా చెప్పాడు. అనసూయమ్మ దిష్టి తీసింది. సాంబమూర్తి గారు తొడ చరిచి, "ఉద్యోగం ఇచ్చామన్నారూ? నమ్మలేదూ? ఇంకోడైతే నమ్మి ఊరంతా స్వీట్లు పంచి తలవంపులు తెచ్చేవాడు" అన్నారు.

"అయితే నిజం ఉద్యోగం ఎప్పుడిస్తారట?" అని అడిగింది తాయారు.

"అది నాటకం అయిపోయాక కదే" అన్నాడు బుచ్చిబాబు. తాయారుకి ఏదో తేడాగా తోచింది గాని, మోపెడ్డు తాళంచెవి తిరిగొచ్చిన సంతోషంలో ఆ సంగతి వదిలేసింది.

నిజం ఉద్యోగం కబురు రాలేదు. నెలాఖరు వచ్చింది. విస్సన్న చెవులకి మఫ్లరు చుట్టుకుని, కాళ్ళకి రెండేసి మేజోళ్ళు తొడుక్కుని, కాకినాడ బండికి బయల్దేరుతున్నాడు. తుమ్ములు అప్పుడే మొదలయ్యాయి. తాయారు మోపెడ్డు మీద బజారుకెళ్ళింది. అలాంటి సమయంలో ఫోను మోగింది. అందరికీ వినపడేలా పెట్టాడు.

"విస్సన్నా, నేను హైమావతిని. సోమవారం రమ్మంటే రాలేదేం? నీకోసం కుర్చీ ఖాళీగా ఉంచాం. ఇవాళ సాయంత్రంలోగా వస్తానని చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చెయ్యమంటున్నారు పైవాళ్ళు."

విస్సన్న ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "ఆవిడే నాన్నా, చెప్పానే" అన్నాడు.

"ఇంకా వేస్తున్నారా? ఎంత దీక్షరా" అన్నారు సాంబమూర్తి గారు.

"విస్సన్నా, వినపడుతోందా? ఇది నాటకం కాదయ్యా, నిజం. నిజంగా ఉద్యోగం. నా మాట నమ్ము నాయనా." ఆవిడ గొంతు వణికింది.

ఆ వణుకు వినేసరికి ఇంట్లోవాళ్ళ ఒళ్ళు జలదరించింది. అనసూయమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "పాపం, నాటకం కాదంటూ ఎంత చక్కగా వేస్తోందండీ" అంది. సాంబమూర్తి గారు ఇక ఆగలేకపోయారు. వయసులో కోటిలింగం గారి పద్యాలకి జనం కొట్టే చప్పట్లు, వేసే కేకలు ఇంట్లోంచే విన్న మనిషి. లేచి నిలబడి, ఫోను దగ్గరికి వంగి, ఇల్లు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టి, "వన్స్ మోర్" అని కేక వేశారు. అంతే, బుచ్చిబాబు అందుకున్నాడు, అనసూయమ్మ అందుకుంది, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య విస్సన్న కూడా అందుకున్నాడు. వన్స్ మోర్, వన్స్ మోర్ అని అందరూ ఒకటే గోల.

అవతల ఫోను పెట్టేశారు. కుయ్యిమంది ఇవతల.

"వెయ్యలేదేవిటి?" అన్నాడు బుచ్చిబాబు.

"గొంతు పట్టేసి ఉంటుందిరా, ఇన్నాళ్ళబట్టి వేస్తోంది" అన్నారు సాంబమూర్తి గారు. "ఒరే విస్సన్నా, దారిలో ఆవిడకి మెసేజీ పెట్టు, మిరియాల కషాయం తాగమని."

విస్సన్న సరేనని తుమ్మి, కాకినాడ బండెక్కాడు.